సెయింట్ అగస్టీన్‌లో పాప తప్పిపోయిన మధ్యాహ్నం

మా పాపకి మాటలు రావు. చెవులు బాగానే వినిపిస్తాయి కానీ, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడదు. ఈ రెండు సంగతులూ ముందే చెప్పకపోతే ఆ మధ్యాహ్నం మేం పడిన పాట్లు ఎవరికీ అర్థం కావు. పిల్ల తప్పిపోతే ఏ తల్లయినా ముందు చేసేది గొంతెత్తి పిలవడం. పిలిచి లాభం లేదని తెలిసిన తల్లిని నేను. అయినా పిలిచాను. గొంతు పోయేదాకా పిలిచాను.

అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు. మేం చికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉంటాం. మా ఆయనది వరంగల్, నాది తెనాలి. తను రోజూ ట్రైన్ ఎక్కి సిటీలో ఆఫీస్‌కి వెళ్తాడు. నేనూ ఒకప్పుడు వెళ్ళేదాన్ని. పాపకి ఆటిజం అని తెలిశాక మానేశాను.

ఆ శీతాకాలం మాకు చాలా కష్టంగా గడిచింది. పాప తన ముంజేతిని తనే కొరుక్కునేది. పుండు మానేలోపు మళ్ళీ అక్కడే కొరికేది. స్కూల్ నుంచి ఫోన్ వస్తే చాలు, ముందు కార్ తాళాలు వెతుక్కునేదాన్ని. స్నేహితుల ఇళ్ళకి వెళ్ళడం మానేశాం. కొన్నాళ్ళకి వాళ్ళూ పిలవడం మానేశారు. వాళ్ళని అనడానికి లేదు, పిలిచినప్పుడల్లా ఏదో ఒక సాకు చెప్పింది మేమే. మేమిద్దరం మాట్లాడుకునేది పాప మందులు, పాప తిండి, పాప నిద్ర గురించి మాత్రమే. వంటింట్లో ఎదురుపడితే, ఒకే ఆసుపత్రిలో డ్యూటీలు మారే నర్సుల్లా చెప్పాల్సింది చెప్పుకుని పక్కకి తప్పుకునేవాళ్ళం.

స్కూళ్ళకి వారం సెలవులిచ్చే స్ప్రింగ్ బ్రేక్ దగ్గరికొచ్చింది. తెలిసినవాళ్ళందరూ ఆ పెద్ద ఆటల పార్కులకని ఓర్లాండో వెళ్తున్నారు. ఒకరోజు మా ఆయన లాప్‌టాప్ నా ముందు పెట్టాడు.

"మనం కూడ ఫ్లోరిడా పోదాం. ఓర్లాండో కాదు, ఆ లైన్లల్ల దీన్ని నిలబెట్టలేం. ఇది చూడు, చిన్న ఊరు. పాత కెథీడ్రల్ చర్చి ఉంది, కోట ఉంది, లైట్‌హౌస్ ఉంది. నడుచుకుంట తిరగొచ్చు."

"అక్కడ మాత్రం జనం ఉండరా?"

"ఉంటరు. ఉండనీ. మనం కూడ జనమే కదా."

ఆ మాట అన్నప్పుడు తన మొహం చూసి నేను సరేనన్నాను. కొన్నేళ్ళుగా తను నన్ను ఏమీ అడగలేదు. ఇది అడిగాడు.

జాక్సన్‌విల్‌లో విమానం దిగి, కార్ అద్దెకి తీసుకుని సెయింట్ అగస్టీన్ చేరాం. స్పెయిన్‌వాళ్ళు కట్టుకున్న ఊరు. నడిబొడ్డున ఓక్ చెట్ల తోట, దానికి ఎదురుగా కెథీడ్రల్, గంటల గోపురం. చెట్ల కొమ్మల నుంచి బూడిదరంగు నాచు జడలు జడలుగా వేలాడుతూ ఉంటుంది. రెండు వీధులు దాటితే అఖాతం, ఒడ్డు పొడుగునా రాతి గోడ. ఫోటోల్లో ఉన్నట్టే ఉంది. నిజం చెప్పాలంటే ఇంకా బాగుంది.

మొదటిరోజు లైట్‌హౌస్‌కి వెళ్ళాం. లోపల మెలికలు తిరిగే ఇనుప మెట్లు. మెట్ల సందుల్లోంచి కింద నేల కనబడుతుంది. సగం దూరం ఎక్కాక పాప కిందికి చూసింది. చూసి అక్కడే కూర్చుండిపోయింది. వెనక ఎక్కేవాళ్ళు ఆగిపోయారు, పైనుంచి దిగేవాళ్ళూ ఆగిపోయారు. మేం సారీ, సారీ అంటూ దాన్ని చెరో రెక్క పట్టుకుని కిందికి దించాం. అది మా ఆయన చేతిని రక్తం వచ్చేలా గీరింది. ఆ తర్వాత పాత ఊట ఒకటి ఉంటే చూడ్డానికి వెళ్ళాం. ఆ నీళ్ళు తాగితే ముసలితనం రాదని పూర్వం నమ్మేవారట. చిన్న కప్పులో పోసి ఇస్తారు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. పాప వాసన చూసి పారబోసింది. మా ఆయన మాత్రం కప్పంతా తాగి, "యవ్వనం నాకెందుకు గానీ, ఒక్క పూట మంచిగ నిద్ర పట్టే నీళ్ళుంటే ఇమ్మను" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మేం కలిసి నవ్వి ఎంతకాలమైందో.

రెండోరోజు పొద్దున కోట. ఆ కోట కట్టిన రాయి మామూలు రాయి కాదు. సముద్రపు గుల్లలు అతుక్కుని అతుక్కుని రాయిగా మారిందట. గోడ మీద చెయ్యి పెడితే వందల గుల్లలు అరచేతికి తగులుతాయి. పాప ఆ గోడ పక్కన నిలబడి రెండు చేతులతోనూ తడుముతూ ఉండిపోయింది. ఎండ మొహం మీద పడుతున్నా కదల్లేదు. దాని నోట్లోంచి సన్నటి కూనిరాగం లాంటి శబ్దం వచ్చింది. సంతోషంగా ఉంటేనే అలా చేస్తుంది. మా ఆయన ఫోన్ తీసి ఫోటో తియ్యబోయి, తియ్యకుండా జేబులో పెట్టేసుకున్నాడు. "చూద్దాం ఊకెనే" అన్నాడు. ముగ్గురం అక్కడ చాలాసేపు ఉన్నాం. మేం కూడా జనమే అని నాకు మొదటిసారి అనిపించింది.

మధ్యాహ్నం కోట పైన ఫిరంగి పేలుస్తారని, పాతకాలపు స్పానిష్ సిపాయిల వేషాలు వేసుకుని ఆ తంతంతా చేసి చూపిస్తారని బోర్డు ఉంది. పాపకి పెద్ద శబ్దాలు పడవు. అందుకని ముందే బయటపడ్డాం. కోటకి అవతల పాత ఊరి ద్వారం ఉంది, రెండు రాతి స్తంభాలు. అది దాటితే కార్లు రాని ఇరుకు వీధి. అటూ ఇటూ మిఠాయి దుకాణాలు, టోపీల దుకాణాలు, చెక్కతో కట్టిన చిన్న పాత బడి. ఆ వీధి చివర కెథీడ్రల్. అక్కడికెళ్ళి చల్లగా కూర్చుందాం అనుకున్నాం. స్ప్రింగ్ బ్రేక్ జనం. భుజం భుజం రాసుకుంటూ నడుస్తున్నారు. పాప చెయ్యి నా చేతిలో ఉంది.

అప్పుడు ఫిరంగి పేలింది. అంత దూరం నుంచి వినిపిస్తుందని మేం అనుకోలేదు. గుండెల్లో కొట్టినట్టు వినిపించింది. పాప నా చెయ్యి విదిలించుకుని రెండు చేతులతో చెవులు మూసుకుంది. నేను దాని భుజం పట్టుకోబోయాను. సరిగ్గా అప్పుడే ఓడదొంగ వేషం వేసుకున్న గైడ్ ఒకడు వెనక పెద్ద గుంపుని వెంటబెట్టుకుని మా మధ్యలోంచి వచ్చాడు. గుంపు దాటింది. పాప లేదు.

"ఏది?" అన్నాడు మా ఆయన.

"ఇక్కడే..."

"ఎటు పోయింది?"

"చూళ్ళేదు. నేను చూళ్ళేదు."

"నువ్వు చర్చి దిక్కు పో. నేను కోట దిక్కు పోత."

పరుగెత్తాను. ప్రతి దుకాణంలోకీ దూరి, బల్లల కిందా బట్టల వెనకా చూశాను. పసుపు టీషర్ట్, రెండు జడలు, తొమ్మిదేళ్ళు, మాట్లాడదు, పిలిస్తే పలకదు. ఈ ముక్కలే ఇంగ్లీష్‌లో ఎదురొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను. కాసేపటికి ఇంగ్లీష్ పోయింది. "ఎక్కడున్నావే అమ్మా, ఎక్కడున్నావే" అని తెలుగులో అరుస్తున్నానని కూడా నాకు తెలియలేదు. జనం దారి ఇచ్చి పక్కకి జరిగారు. కొందరు జాలిగా చూశారు. కొందరు ఫోన్లు ఎత్తారు, పోలీసులకి చెయ్యడానికో, నన్ను తియ్యడానికో తెలియదు.

కెథీడ్రల్ లోపల చల్లగా, చీకటిగా ఉంది. ఎవరో ఆర్గన్ వాయిస్తున్నారు. అక్కడక్కడా మనుషులు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. భయపడితే పాప బల్లల కిందికి దూరుతుంది. అందుకని నేను నేల మీద మోకాళ్ళు ఆనించి, బెంచీల కింద ఒక్కో వరసా చూసుకుంటూ పాకాను. అందరూ మోకరిల్లే చోటు కాబట్టి, కాసేపటిదాకా ఎవరికీ అనుమానం రాలేదు. బూట్లు, చేతిసంచులు, ఎవరో వదిలేసిన గ్లోవ్. పాప లేదు. చివరి వరస దగ్గర మోకాళ్ళ మీదే ఉండిపోయాను. ఎదురుగా వేదిక మీద దీపాలు వెలుగుతున్నాయి. మా ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం ముందు ఎలా అడుగుతానో అలాగే అడిగాను. "నా పిల్లని నాకియ్యి. మాటలు వద్దు. ఇంక మాటలు అడగను. పిల్లనియ్యి చాలు." అప్పటిదాకా ఏళ్ళ తరబడి నేను ఏ దేవుణ్ణి అడిగినా దానికి మాటలే అడిగాను.

బయటికొచ్చి తోటలో ఓక్ చెట్టు కింద నిలబడితే ఎటు వెళ్ళాలో తోచలేదు. అప్పుడు వెనకనుంచి "ఏమైందమ్మా? తెలుగువాళ్ళా?" అని వినిపించింది. చీర కట్టుకుని, కాళ్ళకి స్నీకర్స్ వేసుకున్న పెద్దావిడ. పక్కన ఆవిడ కూతురు. కూతురు దగ్గరికి వచ్చినట్టున్నారు, ఊరు చూడ్డానికి బయల్దేరారు. నేను చెప్పింది సగం విని ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"మాటలు రావా? పుట్టుకతోనేనా?"

"మమ్మీ, ప్లీజ్. ఇప్పుడవన్నీ అడక్కు" అంది కూతురు.

"అడగకపోతే ఎట్లా వెతుకుతామే? మాట్లాడే పిల్లని వెతికే పద్ధతి వేరు" అని ఆవిడ నావైపు తిరిగి, "నువ్వు కూలబడిపోకు తల్లీ. నీ కాళ్ళు నీకు కావాలి ఇప్పుడు" అన్నారు. వాటర్ బాటిల్ మూత తీసి నా నోటికి పెట్టారు. సగం నా మెడ మీద పడింది. కూతురు పోలీసులకి ఫోన్ చేసి, నేను చెప్పలేకపోతున్నవన్నీ నెమ్మదిగా చెప్పింది.

పోలీస్ ఆఫీసర్ వచ్చింది. నా వయసే ఉంటుంది. మంచిగానే మాట్లాడింది. పాప ఫోటో తీసుకుంది. తర్వాత అడిగింది: "నీళ్ళంటే ఇష్టమా తనకి?"

ఇష్టం. స్నానాల తొట్టిలో గంటలు గంటలు కూర్చుంటుంది. ఆ మాట చెప్పగానే ఆ ఆఫీసర్ మొహంలో ఏదో మారింది. రేడియోలో ఎవరితోనో మాట్లాడుతూ అఖాతం వైపు నడిచింది. నేను వెనకాలే పరుగెత్తాను. ఇలాంటి పిల్లలు తప్పిపోతే ముందు నీళ్ళ దగ్గర చూడాలని నాకూ తెలుసు, మా థెరపిస్ట్ ఎప్పుడో చెప్పింది. ఇంతసేపూ ఆ మాట తలకి ఎక్కనివ్వలేదు. ఇప్పుడు అది తప్ప ఇంకేదీ తలలో లేదు. దానికి ఇంకా ఏమేం ఇష్టం, బల్లల కింద కాక ఇంకెక్కడ దాక్కుంటుంది, ఇంట్లో పెద్ద శబ్దమొస్తే ఎటు పోతుంది, ఇవేవీ నాకు గుర్తు రాలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఒడ్డున రాతి గోడ నడుము ఎత్తు కూడా లేదు. అవతల నీళ్ళు మట్టి కలిసిన పచ్చ రంగులో, పోటు మీద ఉన్నాయి. పక్కనే రాతి సింహాలు కాపలా కూర్చున్న వంతెన. దాని మీద నిలబడి జనం ఫోటోలు దిగుతున్నారు. ఒక గుర్రబ్బండి వెళ్తోంది. ఇంత అందంగా ఉన్న చోట ఇలా ఎలా జరుగుతుంది అనిపించింది. తెలివితక్కువ ఆలోచనే, కానీ అదే వచ్చింది.

మా ఆయన అప్పటికే అక్కడున్నాడు. కోట నుంచి గోడ వెంబడి నీళ్ళు చూసుకుంటూ వచ్చాడట. తనకీ ఎవరూ చెప్పక్కర్లేదు. చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది. నన్ను చూసి "దొరికిందా?" అని కూడా అడగలేదు. నా మొహంలోనే చదువుకున్నాడు.

పోలీస్ పడవ ఒకటి వంతెన కిందినుంచి నెమ్మదిగా వచ్చింది. అందులో ఇద్దరు నీళ్ళలోకే చూస్తున్నారు. వాళ్ళు చూసే తీరు నేను ఈ జన్మలో మర్చిపోలేను. బతికున్న మనిషిని వెతికేవాళ్ళు ఒడ్డు చూస్తారు. వీళ్ళు లోపలికి చూస్తున్నారు.

అప్పుడు నీళ్ళలో పసుపు రంగు కనబడింది.

నేను అరిచానో లేదో నాకు తెలియదు. మా ఆయన గోడ ఎక్కాడు. అవతల పాకుడు పట్టిన రాళ్ళ మీదికి దిగాడు. తనకి ఈత రాదు. ఆఫీసర్ వెనకనుంచి చొక్కా పట్టుకుంది. ఇంకో పోలీస్ వచ్చి చంకల కింద చేతులు వేసి పైకి లాగాడు. తను పెనుగులాడాడు. "లెట్ మీ గో, అది నా బిడ్డ, నా బిడ్డ" అని ఇంగ్లీష్‌నీ తెలుగునీ కలిపి ఏడుస్తున్నాడు. పడవ ఆ పసుపు దగ్గరికి చేరింది. కర్రతో లాగారు. ఎవరి పడవలోంచో కొట్టుకొచ్చిన లైఫ్ జాకెట్ అది. ఖాళీది.

ఇద్దరం గోడకి ఆనుకుని కిందే కూర్చుండిపోయాం. చీర కట్టుకున్న పెద్దావిడ మా వెనకే వచ్చి నిలబడ్డారు. నా నడినెత్తిన అరచెయ్యి పెట్టి అలాగే ఉంచారు.

ఎంతసేపటికో ఆఫీసర్ రేడియో పలికింది. ఆమె ఒక్కసారి మావైపు తిరిగి బొటనవేలు పైకెత్తింది. నాకు అర్థం కాలేదు. దానికి ఏ అర్థమైనా ఉండొచ్చు అనిపించింది. ఆమె వంగి, నా రెండు భుజాలూ పట్టుకుని, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది. దొరికింది. బాగుంది. దెబ్బల్లేవు.

కెథీడ్రల్ వెనక సందులో ఒక రెస్టారెంట్ ఉంది. దాని పెరటివైపు చెత్త డబ్బాల పక్కన ఐస్ తయారుచేసే పెద్ద మెషీన్ ఉంది. ఆ మెషీన్‌కీ కెథీడ్రల్ గోడకీ మధ్య ఉన్న సందులో మా పాప కూర్చుని ఉంది. వంటవాడు ఒకతను బయటికొచ్చి చూసి పోలీసులకి ఫోన్ చేశాడట. మేం వెళ్ళేసరికి అది ఒక చెవిని మెషీన్‌కి ఆనించి, రెండో చెవిని అరచేత్తో మూసుకుని ఉంది. మెషీన్ ఝుమ్మని ఒకే శ్రుతిలో మోగుతోంది. ఇంట్లో కూడా కుక్కర్ విజిల్ వస్తే పరుగున వెళ్ళి ఫ్రిజ్ పక్కన ఇలాగే కూర్చుంటుంది. ఎన్నిసార్లు చూశానో. నేను కెథీడ్రల్లో పాకుతున్నప్పుడు అది ఆ గోడకి అవతలే ఉంది.

నేను తడి నేల మీద కూర్చుని దాన్ని ముట్టుకోబోతే నా చెయ్యి తోసేసింది. ఏడవలేదు, మమ్మల్ని చూసి సంతోషపడనూ లేదు. మేం తప్పిపోయామని దానికి తెలిసిందో లేదో ఇప్పటికీ తెలియదు. మా ఆయన చెత్త డబ్బాల పక్కన బోర్లించి ఉన్న ప్లాస్టిక్ క్రేట్ మీద కూర్చున్నాడు. ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. చేతుల వైపు చూసుకుంటూ ఉండిపోయాడు. పాప తనంతట తను లేచేదాకా ముగ్గురం అక్కడే ఉన్నాం.

పెద్దావిడ వెళ్తూ నా నంబర్ అడిగి తీసుకున్నారు. "ఇంటికెళ్ళాక ఒకసారి చెయ్యి. లేకపోతే నేనే చేస్తా" అన్నారు.

హోటల్‌కి వెళ్ళే దారిలో కార్‌లో పాప కిటికీకి తల ఆనించింది. పార్కింగ్‌లో ఇంజన్ ఆపాక తను దిగలేదు. పాప వెనక సీట్లో నిద్రపోతోంది.

"ఇగ ఎక్కడికీ పోవద్దు మనం" అన్నాడు.

"మరి? ఇంట్లోనే తలుపులేసుకుని కూర్చుందామా? ఎన్నాళ్ళు?"

తను స్టీరింగ్ వైపే చూస్తూ చెప్పాడు.

"ఆ పసుపు రంగు కనబడ్డప్పుడు ఏమనుకున్ననో తెలుసా? దాన్ని బయటికి తీద్దామని దిగలే నేను. ఈత రాదని నాకు తెల్వదా? దానితోని పోదామని దిగిన. అయిపోతది, అందరం అయిపోతం అనుకున్న."

"అందరం అంటే? నేనో?"

"నువ్వు యాదికే రాలేదు."

కోపం రావాల్సింది. రాలేదు. ఆ పూటంతా నాకూ తను గుర్తు రాలేదు. గోడ ఎక్కి దిగుతున్న మనిషిని చూస్తూ కూడా నా కళ్ళు ఆ పసుపు మీదే ఉన్నాయి. తను మునిగిపోయినా అప్పటికి నాకు తెలిసేది కాదు. ఆ మాట తనకి చెప్పాను. తను తలూపాడు. అప్పుడు ఏడ్చాడు. నేను తన వీపు మీద చెయ్యి వేశాను. ఎన్నో నెలల తర్వాత వేశాను. చొక్కా ఇంకా చెమ్మగానే ఉంది.

మర్నాడే వచ్చేశాం. ఇంటికొచ్చాక తలుపులకి పైన ఇంకో గడియ పెట్టించాం. ఎక్కడుందో ఫోన్‌లో కనబడే బాండ్ ఒకటి దాని చేతికి కట్టాం. మొదటి వారమంతా దాన్ని పళ్ళతో కొరికింది, తర్వాత ఊరుకుంది. మా ఆయన శనివారాలు స్విమ్మింగ్ క్లాస్‌కి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఆ క్లాస్‌లో మిగతావాళ్ళంతా పిల్లలే. నేను గట్టు మీద పాపని పట్టుకుని కూర్చుంటే, తను నీళ్ళ మీద తేలే బోర్డు పట్టుకుని పిల్లల వెనక కాళ్ళు కొట్టుకుంటూ వెళ్ళేవాడు. ముక్కులోకి నీళ్ళు పోయి దగ్గుతూనే మళ్ళీ మొదలుపెట్టేవాడు.

పెద్దావిడ అన్నట్టే ఫోన్ చేశారు. ఇప్పటికీ చేస్తారు. "పిల్లెట్లా ఉందమ్మా?" అంటారు. బాగుందండీ అంటాను. "నువ్వు?" అంటారు. ఆ ప్రశ్న నన్ను అడిగే మనిషి ఆవిడొక్కరే. ఒక్కోసారి జవాబు చెప్తాను. ఒక్కోసారి మాట మార్చేస్తాను. అప్పుడు ఆవిడే అవతల తమ ఇంట్లో ఆ పూట ఏం వండుకున్నారో చెప్తూ కూర్చుంటారు.

దానికిప్పుడు పన్నెండేళ్ళు. నా భుజం దాటి ఎదిగింది. కొరుక్కోవడం కొంచెం తగ్గింది. బయటికి వెళ్తే ఇద్దరం చెరోపక్కా చేతులు పట్టుకుని నడుస్తాం. అలా పట్టుకోనిచ్చే వయసు దానికి త్వరలోనే దాటిపోతుంది. పోయిన నెల షాప్ పార్కింగ్‌లో నా చెయ్యి ఒక్క గుంజు గుంజి విడిపించుకుని పరుగెత్తింది. మా ఆయన పరుగెత్తి పట్టుకున్నాడు. నేను అప్పటికి సగం దూరం కూడా వెళ్ళలేకపోయాను.